రఫూ చేసిన చూపు

చిరంజీవి గడుగ్గాయికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. నువ్వు కూడా వేళకు తింటూ, వేళకు పడుకుంటూ బాగున్నావనే అనుకుంటున్నాను. వేళకు తినవని తెలుసు. అయినా ఉత్తరం మొదట్లో అలా రాయకపోతే చెయ్యి ముందుకు కదలదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మీ నాన్న కుట్టుమిషను ఆపి మరీ నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన మోకాలు ఎలా ఉందని అడిగావు. మోకాలు తగ్గింది, నోరే తగ్గలేదు. డాక్టరు మెట్లు తగ్గించమన్నాడని ఆయన కింద కొట్లో కూర్చుంటే లేవరు. టీ మాత్రం రోజుకు ఆరుసార్లు నేను దింపాలి. ఆ మెట్లు నా మోకాళ్ళకు లెక్క లేనట్టుంది.

నీ నీలం కోటు మోచెయ్యి దగ్గర చిల్లు పడిందని, పారేసి కొత్తది కొనుక్కుంటానని రాశావు. ఆ ముక్క చదవగానే ఆయనకు పౌరుషం వచ్చింది. "దర్జీ కూతురు కోటు పారేస్తుందా? పంపమను" అన్నారు. అదే కోటు లోపలి మడతలోంచి నాలుగు పోగులు లాగి, చిల్లు మీద అడ్డం నిలువూ నేసేస్తే, చిల్లు ఎక్కడుండేదో కుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ దొరకదట. నేను ముప్ఫై ఏళ్ళుగా తన పెళ్ళాన్నని మరిచిపోయి, రఫూ అంటే అదీ అని నాకు పాఠం చెప్పారు. కోటు పంపు.

నా దస్తూరీని వెక్కిరించావు. వరసలు ఎడమ పక్కన కిందికి జారుతున్నాయని, రెండుచోట్ల మాట మీద మాట పడిందని, "బస్సులో కూర్చుని రాశావా అమ్మా" అని అడిగావు. దానికి జవాబు ఉంది. కాస్త ఓపిక పట్టు.

ఇక నీ బండి సంగతి. ఆసుపత్రి గేటు స్తంభానికి అంబులెన్సు ఎడమ పక్క మళ్ళీ గీసుకుందని రాశావు. నెలలో రెండోసారి. మీ డిపోలో ఆ పొడుగు డ్రైవరు "నీ బండికి ఎడమ పక్క అచ్చిరాలేదు" అని అందరిలో ఆటపట్టించాడనీ, నువ్వు "స్తంభమే వచ్చి గుద్దింది" అన్నావనీ రాసి, నాకు నవ్వొచ్చిందా అని అడిగావు. నవ్వు రాలేదు తల్లీ. దాని కింద ఇంకో మాట రాశావు: "నేను చూసే తిప్పానమ్మా. అక్కడ ఏమీ లేదు, ఒట్టు. ఖాళీ రోడ్డే కనపడింది." ఆ ఒక్క మాట చదివినప్పటి నుంచి నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ తీసి చూస్తున్నాను. నీ చూపు గురించే నా భయం. అదెందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. పక్కన పెట్టకుండా చివరిదాకా చదువు.

నా పని నీకు కొంత తెలుసు. చిన్నప్పుడు ఒకసారి ఫ్యాక్టరీకి వచ్చి, నేను కూర్చునే గది చూసి, "అమ్మా, నిన్ను బీరువాలో పెట్టారేంటి?" అన్నావు. అది గది కూడా కాదు. మూడు పక్కలా నల్లటి రేకు, వెనక నల్లటి తెర, ఒక దీపం, ఎదురుగా సగం నలుపు సగం తెలుపు వేసిన పలక. సూదిమందు సీసాను మెడ దగ్గర పట్టుకుని, తలకిందులు చేసి, మెల్లగా తిప్పి, నలుపు ముందు ఐదు లెక్కపెట్టాలి, తెలుపు ముందు ఐదు లెక్కపెట్టాలి. గాజు పెచ్చు, దూది పోగు, రబ్బరు నలుసు ఏది తేలినా ఆ సీసా ఎర్ర ట్రేలోకి పోవాలి. ఇరవై నిమిషాలకోసారి తెర తీసి, దూరంగా ఉన్న గోడను చూసి కళ్ళు చల్లబరుచుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే నా పని. అక్కడ నా పేరు డేగక్క. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేదీ నేనే.

మూడు నెలలకోసారి మాకూ పరీక్ష ఉంటుంది. యాభై సీసాల పెట్టె. అందులో తొమ్మిది చెడ్డవి కలిపి ఉంచుతారు, అవి పట్టుకోవాలి. ఆ తొమ్మిదింటినీ పన్నెండేళ్ళ కింద ఏరి పెట్టింది నేనే. సీసా అడుగున చిన్న అంకె ఉంటుంది. తలకిందులు చేసినప్పుడు కంటపడుతుంది. చూడకూడదనుకున్నా పడుతుంది. పదిహేడులో నీలి పోగు, నలభై ఒకటిలో రబ్బరు, ఇలా అన్నీ నాకు మా ఇంటి తలుపు గడియలంత బాగా తెలుసు. ఇది మోసమని నాకెప్పుడూ అనిపించలేదు. ఎలాగూ చూడగలిగేదాన్నే కదా అనుకునేదాన్ని.

రెండు నెలల కిందట పరీక్ష పెట్టారు. మా అధికారి నా దగ్గరే పని నేర్చుకుని పైకి వెళ్ళినవాడు, ఇప్పటికీ నన్ను అక్కా అనే పిలుస్తాడు. నేను తొమ్మిది తీసి ఎర్ర ట్రేలో పెట్టాను. అతను కాగితంతో సరిచూసుకుంటూ ఆగాడు.

"అక్కా, పదిహేడులో ఏం కనపడింది?"

"నీలి పోగు. కొక్కెంలా వంగి ఉంది."

"పాత పదిహేడు పోయిన నెల చేజారి పగిలిందక్కా. దాని బదులు మంచి సీసా పెట్టాం. ఇందులో ఏమీ లేదు."

మళ్ళీ దీపం ముందు పెట్టి చూశాను. నిజమే, నీళ్ళు తప్ప ఏమీ లేదు. కానీ గడుగ్గాయ్, నేను చూశాను. అబద్ధం కాదు, ఊహ కాదు. ఆ పోగు అడుగు నుంచి లేచి, ఒకసారి మెలి తిరిగి, మెల్లగా దిగడం నా కళ్ళతో చూశాను.

"ముప్ఫై మాత్రం వదిలేశారు. అందులో ఈసారి గాజు పెచ్చు వేశాం," అన్నాడు. అని తనే నవ్వాడు. "నన్ను పరీక్షిస్తున్నారు కదూ! మీకే కనపడకపోతే ఇంక మాకెవరికి కనపడుతుందక్కా?" అంటూ నేను గట్టెక్కినట్టు సంతకం పెట్టేశాడు. నేనూ నవ్వాను.

తాడును చూసి పామనుకున్నవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. మీ అమ్మ ఒక్క పూటలోనే తాడును పామనీ, పామును తాడనీ అనుకుంది.

మర్నాడు మీ నాన్నతో పోస్టాఫీసుకని చెప్పి, మా ఫ్యాక్టరీవాళ్ళెవరూ వెళ్ళని వీధిలో ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఒక గిన్నెలాంటి దాంట్లో ముఖం పెట్టించి, మధ్యలో చుక్కనే చూడమని, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా మీట నొక్కమన్నారు. టకటకా నొక్కాను. పరీక్ష బాగా రాసిన పిల్లలా బయటికొచ్చాను. ఆవిడ చూపించిన కాగితం మీద రెండు కళ్ళకూ ఒకేచోట, మధ్యకు కాస్త కింద, ఎడమగా, నల్లటి మచ్చ ఉంది.

"ఇక్కడ వెలిగినవి ఒక్కటీ మీరు నొక్కలేదు," అన్నారు.

"అక్కడ నాకు నల్లగా ఏమీ లేదండీ. అంతా కనపడుతోంది," అని వాదించాను.

ఆవిడ విసుక్కోలేదు. ఒక కాగితం మీద రెండు గుర్తులు వేసి ఇచ్చారు. నువ్వు కూడా ఇప్పుడే చెయ్యి. ఈ కాగితం వెనక ఎడమ పక్క కూడిక గుర్తు, దానికి నాలుగు వేళ్ళ దూరంలో కుడి పక్క నల్ల చుక్క వేశాను. ఎడమ కన్ను మూసుకో. కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని దూరం నుంచి దగ్గరికి తీసుకురా. జానెడు కన్నా కాస్త దూరంలో ఉండగా చుక్క మాయమవుతుంది. చూశావా? అక్కడ కన్నం కనపడదు, ఉత్త కాగితమే కనపడుతుంది. ఇది జబ్బు కాదు, భయపడకు, అందరికీ ఉంటుంది. కంట్లోంచి నరం బయటికి వెళ్ళేచోట చూపు ఉండదట. పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆ కన్నం నాకు యాభై నాలుగేళ్ళకు తెలిసింది.

"కన్ను పంపేది ముక్కలేనమ్మా," అన్నారావిడ. "బొమ్మ వేసుకునేది మెదడు. ముక్క రాని చోట ఖాళీ వదలదు. పక్కనున్నదాన్ని చూసి, ఇదివరకు చూసినదాన్ని బట్టి తనే నింపేస్తుంది. నింపానని మీకు చెప్పదు."

నాకు వెంటనే మీ నాన్న గుర్తొచ్చారు. నా కంటిలో చిల్లు పడింది, నా బుర్ర రఫూ చేసి పెడుతోంది. ముప్ఫైలో గాజు పెచ్చు మీద శుభ్రమైన నీళ్ళు నేసేసింది. పదిహేడు అని అంకె కనపడగానే, పన్నెండేళ్ళుగా చూస్తున్న పోగును తెచ్చి ఉత్త నీళ్ళలో వేసి చూపించింది.

జబ్బు పేరు నీటికాసులు, ఇంగ్లీషులో గ్లాకోమా అంటారట. కళ్ళలో పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క మందు వేసుకోవాలి. పోయిన చూపు రాదు, ఉన్నది పోకుండా కాపాడుకోవచ్చు అన్నారు. నా వరసలు ఎందుకు జారుతున్నాయో ఇప్పుడు తెలిసింది కదా. నేను రాసేటప్పుడు నాకవి తిన్నగానే కనపడతాయి. ఈ ఉత్తరం కూడా ముత్యాల్లా రాశాననే అనుకుంటున్నాను.

ఇక్కడిదాకా చదివి, "పాపం అమ్మ" అనుకుంటున్నావేమో. అప్పుడే అనుకోకు.

డాక్టరమ్మ ఆ పని వెంటనే మానమన్నారు. సరేనన్నాను. మర్నాడు ఎనిమిదింటికల్లా వెళ్ళి అదే బీరువాలో కూర్చున్నాను. రెండు నెలలు కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగలా ఒక్కరికీ చెప్పలేదు, మీ నాన్నకు కూడా. సీసాను అటు వంచీ ఇటు వంచీ, ఐదు లెక్కపెట్టే చోట పదిహేను లెక్కపెట్టేదాన్ని. శుభ్రంగా కనపడితే, ఇది శుభ్రమా, నా బుర్ర వేసిన రఫూనా అని భయం. ఏదైనా తేలితే, ఉందా, నేనే వేసుకున్నానా అని భయం. నా కళ్ళే నాకు అబద్ధం చెబుతుంటే ఇంక సాక్ష్యానికి ఎవరిని పిలవను? చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఎవరి ప్రాణమో పోతుంది. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయాను. పైగా వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ తెర తీసి, "డేగక్కా, ఇది కాస్త చూసి పెట్టు" అని తమకు అనుమానమున్న సీసాలు కూడా నాకే ఇచ్చేవాళ్ళు. చూసి పెట్టేదాన్ని.

జీతం పోతుందని దాచానని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. మీ నాన్న మిషను మీద మేమిద్దరం బతకగలం. ఆ పేరు పోతుందని దాచాను. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇంటికొస్తే ఇల్లూ అంతే. తలుపు, మంచం, అలమర అన్నీ ఉన్నాయో, ఉంటాయని తెలిసి కనపడుతున్నాయో తెలియదు. మొన్న మీ నాన్నకు టీ అందిస్తుంటే వేళ్ళకు గడ్డం గరుకుగా తగిలింది. నాలుగు రోజులుగా గీసుకోలేదట. నాకు మాత్రం నున్నగా గీసుకున్న ముఖమే కనపడుతోంది. రోజూ నేను చూస్తున్నది ఈ మనిషినా, నాకు బట్టీ వచ్చిన మనిషినా అనిపించి, వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే ఇన్ని కాగితాలు ఖరాబు చేశాను.

ఆ రోజు డాక్టరమ్మ, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగారు. మీ తాతయ్య గుర్తొచ్చాడు. అన్నం తింటూ ఎడమ పక్క గ్లాసు రోజూ చెయ్యి తగిలి పడేసేవాడు. "కళ్ళు నెత్తికెక్కాయా నాన్నా" అని అందరికన్నా ఎక్కువ కసురుకున్నది నేనే. చివరి రెండేళ్ళు గోడ పట్టుకుని నడిచాడు, ముసలితనం అనుకున్నాం. ఉందండీ, మా నాన్నకు ఉండి ఉంటుంది అన్నాను.

"ఇది రక్తంలో వస్తుంది. పిల్లలున్నారా? ఉంటే వాళ్ళను కూడా చూడాలి," అన్నారు.

నేను లేరన్నాను.

అంతకు పది రోజుల ముందే నీ ఉద్యోగం ఖాయమైంది. బండి ముందు నిలబడి, బానెట్ మీద చెయ్యి వేసి తీయించుకున్న ఫోటో పంపావు. ఆ ఫోటో అప్పుడు నా సంచిలోనే ఉంది. ఉంది అంటే నిన్ను రమ్మంటారు, చూస్తారు, ఏదైనా తేలితే బండి దింపేస్తారు. అంతే ఆలోచించాను. లేరని చెబితే నీకు జబ్బు కూడా లేకుండా పోతుందన్నట్టు చెప్పాను. ఆవిడ అలాగే రాసుకున్నారు. రెండు నెలలు నేను పిల్లలు లేనిదాన్ని.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఖాళీ రోడ్డే కనపడిందని రాశావు. ఆ మాట నేను కూడా అన్నానే తల్లీ, ఇంచుమించు అదే మాట, డాక్టరమ్మతో.

బుధవారం వెళ్ళి, నాకో కూతురుంది, రాసుకోండి అని చెప్పాను. ఆవిడ నా వంక చూసి, కొట్టేసి రాసుకున్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. గురువారం పొద్దున మా అధికారికి మొత్తం చెప్పేశాను. గిడ్డంగిలో ఉన్న, నేను చూసిన సరుకంతా ఆపారు, బయటికి పోయింది వెనక్కి రప్పిస్తున్నారు. అతను అరవలేదు. "ఆ రోజు మీరు నవ్వారు కదక్కా" అని మాత్రం అన్నాడు. మీ నాన్నకు ఆ సాయంత్రం చెప్పాను. ఆయన కత్తెర పక్కన పెట్టి లేచి, మోకాలు సంగతి మరిచిపోయి, పక్క కొట్లోంచి టీ తెచ్చి తనే పైకి మోసుకొచ్చారు.

శుక్రవారం, అంటే నిన్న, మీ డిపో అధికారికి ఫోన్ చేశాను.

ఈ ఉత్తరం నీ చేతికి అందేసరికి నిన్ను బండి దింపి నాలుగు రోజులై ఉంటుంది. కళ్ళ పరీక్ష కాగితం తెచ్చేదాకా తాళం ఇవ్వమని చెప్పి ఉంటారు. ఎవరు చెప్పారో చెప్పొద్దని నేనే ఆయన్ని కోరాను. ఆ పొడుగు డ్రైవరు మీద అరిచి ఉంటావు, పాపం అతనికేమీ తెలియదు, వెళ్ళి సారీ చెప్పు. నిన్ను దింపించింది నేను. నిన్న సాయంత్రం నుంచి నీ దగ్గర్నుంచి ఫోన్ మూడుసార్లు మోగింది. ఎదురుగా కూర్చుని, ఆగిపోయేదాకా చూశాను. ఎత్తలేదు.

నీకు ముందుగా చెప్పొచ్చు కదా అంటావు. చెబితే, "ఈ ఒక్క నెల గడవనీ అమ్మా, జాగ్రత్తగా నడుపుతాలే" అంటావు. నేను కాసేపు మొండికేసి, చివరికి సరే అంటాను. ఆపైన ఇద్దరం కలిసి దాస్తాం. నీ బండిలో వెనక పడుకున్న మనిషికీ, ఎడమ పక్క రోడ్డు దాటే మనిషికీ మన ఇద్దరి సంగతీ తెలియదు. నా మీద నాకు నమ్మకం లేక నీ చెయ్యి కట్టేశాను.

నీకు జబ్బు ఉందని నేను అనడం లేదు. నిజంగా ఆ స్తంభానిదే తప్పేమో. అలా అయితే వారంలో బండెక్కు, జన్మంతా నన్ను తిట్టుకో. ఉందని తేలితే మాత్రం నా అంత దూరం రాకముందే పట్టుకున్నట్టు. నీ వయసులో మందు మొదలుపెడితే చాలావరకు చూపు నిలుస్తుందని డాక్టరమ్మ అన్నారు. బండి నిలుస్తుందా అని అడిగాను. ముందు పరీక్షకు పంపమన్నారు.

నీకు ఆ బండి అంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. నాతో మాట్లాడాలనిపించకపోతే మాట్లాడకు. నెల కాకపోతే ఏడాది. మీ నాన్నతో మాట్లాడు, ఆయన నాకు చెబుతారు. కానీ ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని తప్పకుండా అడుగుతారు. మా అమ్మకు ఉందని చెప్పు. నా మీద ఎంత కోపమున్నా సరే, అమ్మ లేదని మాత్రం అనకు.

ఇట్లు,
నీ అమ్మ